చెనిక్కాయలు

సంతపేట అంగట్లో పొట్లం చేతికిచ్చి
'నూటా ఇరవై' అంటాడు షఫీ.
నా నోరు ఊరుకుంటాది, లోపలోడు ఊరుకోడు.
ఒక కోటరు, అంటాడు.

తొమ్మిది నెలలాయె. ఇంకా అదే తక్కెడ.
అరకిలో నూనె ముక్కాలు కోటరు.
పాప నోటుబుక్కులు కోటరున్నర.
తెల్లగడ్డలు ఈ నెల కొననే లేదు,
వాటి ధర నా దగ్గరుండే ఏ సీసాలోనూ పట్టలేదు.

ఏకాంబరానికి వారానికి పదునైదు వందలు.
శనివారం పొద్దున్నే వీధిలో హారను కొడతాడు,
లోపలికి రాడు. ఆ మాత్రం మంచోడే.
అది పోగా మిగిలిందాన్ని వనజాక్షి
పాత హార్లిక్సు సీసాలో ఏస్తాది.
దినానికి నూటా పది, మా అత్తతో కలిపి నలుగురం.

సంగటికి స్టోరు బియ్యం, రాగిపిండి.
రైలుకట్ట పక్కన మునగాకు ఊరికే కాస్తాది.
పొద్దు మునిగినాక మార్కెట్లో వంకాయలు కుప్ప లెక్కన ఇస్తారు,
పుచ్చులు తీసేస్తే సగం దక్కుతాది.
తరిగేది నేనే.
చేతులు వొణికే దినాల్లో
ఈ కత్తిపీట నాకు కనబడనిచ్చే వాళ్లు కాదు.

గుడ్డు వారానికి రెండు దఫాలు, పాపకు మాత్రం.
నాకొద్దులే అంటే అత్త నవ్వింది.
'ఎందుకొద్దు నాయినా, ఒక కాలంలో నాలుగు గుడ్ల అట్టు
ఒక్కడివే తింటివంట గదా.'
నిజమే. కారం బోటీ, మిరియాలు చల్లిన కోడి,
నిమ్మకాయ పిండిన ఎర్రగడ్డ చక్రాలు,
బ్రాందీ షాపు వెనక రేకుల కింద
పెండ్లికొడుకు మాదిరి కూచోని తిన్నాను.
ఆ పూట ఇంట్లో చింతపండు నీళ్లు, ఉప్పు.
తెలీదని చెప్పను. తెలుసు.

అన్నిటికన్నా చవక చెనిక్కాయలేనని
వనజాక్షి లెక్క తేల్చింది.
పూతలపట్టు నుంచి వాళ్లన్న పచ్చికాయ మూట పంపించినాడు.
వాన లేక గింజ సన్నం. ఐనా గింజే గదా.
ఒక సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టి
మూత తీసింది.

ఆ ఆవిరి.

లేచి చెప్పులేసుకున్నాను.
యాడికని ఎవరికీ చెప్పలేదు.
రేకుల షెడ్డు కనబడే మలుపులో
టైర్ల అంగడి ముందర గంటన్నర కూచున్నాను.
గాలి పట్టే పెద్దాయన అడిగినాడు,
'ఏం దొరస్వామీ, పంచరా?'
'ఊ' అన్నాను.
నాకు బండి లేదు.
అది కూడా ఏకాంబరం దగ్గరే ఉండాది.

ఇంటికొచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.
ఉడికిన కాయలు పక్కింటి పిలకాయలకు పోయినాయంట.
ఎవరూ ఏమీ అడగలేదు.
మూటలో మిగిలింది మిద్దెమీద ఎండబోసినారు.

ఐదో దినం రోటి చప్పుడుకు మెలకువొచ్చింది.
గింజలు ఏయించి, పొట్టు చెరిగి,
ఎండుమిరపకాయలు, చింతపండు,
తెల్లగడ్డ రెండంటే రెండు రెబ్బలు
(ఎవరింట్లో అడుక్కొచ్చిందో)
నూరతా ఉండాది.
అదే కాయ.
వాసన వేరే.

సంగటిముద్దలో గుంట చేసి ఊరిబిండి పెట్టింది.
'కారం సరిపోయిందా చూడు' అనింది, అంతే.
చూసినా.
కండ్లలో నీళ్లు తిరిగినాయి,
కారమే అనుకోనీ.

నిన్న పాపను వెంటబెట్టుకోని అంగడికి పోతే
షఫీ 'ఎనబై' అన్నాడు.
లోపలోడు గొంతు సవరించుకునే లోపల
పాప అనేసింది:
'ఎనబైకి పది గుడ్లొస్తాయి నాయినా,
ఇంకా పది రూపాయలు చేతికి!'

వాడికి గుడ్ల లెక్క రాదు.
వేళ్లు ముడస్తా వాడక్కడే నిలబడినాడు,
మేము మెట్లు దిగేసినాము.